పాత ఇంట్లో పిల్లి, కుక్క మూత్రం వాసన పోగొట్టడం ఎలా: తాండూరు బండల నుంచి టేకు గుమ్మాల దాకా

ఎండాకాలమంతా ఏమీ తెలియదు. జూన్‌లో నాలుగు చినుకులు పడి గాలిలో చెమ్మ పెరిగిందంటే చాలు, ముందు గదిలో ఏదో ఒక మూల నుంచి ఘాటైన వాసన మొదలవుతుంది. కుక్క పోయి ఏళ్ళు గడిచినా సరే, పిల్లుల్ని పెంచుకున్న కిరాయివాళ్ళు ఎప్పుడో ఖాళీ చేసి వెళ్ళిపోయినా సరే, ఆ వాసన మాత్రం ఇంట్లోనే ఉంటుంది. హైదరాబాద్‌లో బర్కత్‌పురా, నల్లకుంట, మారేడుపల్లి, పాతబస్తీ లాంటి చోట్ల పాత ఇళ్ళలో ఉండేవాళ్ళకి ఇది బాగా తెలిసిన బాధ.

అందరం మొదట చేసేది ఒకటే. ఫినాయిల్ వేసి కడుగుతాం, సాంబ్రాణి వేస్తాం, రెండ్రోజులు బాగుంటుంది, మూడో రోజు ఫినాయిల్, మూత్రం రెండూ కలిసిన వాసన వస్తుంది. ఎందుకంటే మనం తుడిచేది బండ పైన, వాసన ఉన్నది బండ కింద. మూత్రం ఎంత లోతుకి దిగిందో మందు కూడా అంత లోతుకి దిగాలి, దిగాక పని చేయడానికి దానికి టైమ్ ఇవ్వాలి, ఆ తర్వాత పూర్తిగా ఆరనివ్వాలి, ఆరాకే మూసేయాలి. ఈ వరస తప్పితే ఎంత ఖరీదైన మందు తెచ్చినా డబ్బు దండగే.

వాసన ఎందుకు తిరిగొస్తుంది

మూత్రంలో ఎక్కువ భాగం నీళ్ళే. మిగతాది యూరియా, క్రియాటినిన్, ఉప్పులు, కొద్దిగా యూరిక్ ఆమ్లం లాంటివి. పోసిన కొత్తలో వాసన అంత భరించలేనట్టు ఉండదు. కాసేపటికి బాక్టీరియా పని మొదలుపెడుతుంది. వాటి దగ్గర ఉండే యూరియేజ్ అనే ఎంజైమ్ యూరియాని అమోనియాగా మార్చేస్తుంది, కళ్ళు మండేంత ఘాటు దాని వల్లే. మగపిల్లుల విషయంలో ఇంకో సంగతి ఉంది. వాటి మూత్రంలో ఫెలినిన్ అనే గంధకం ఉన్న అమైనో ఆమ్లం ఉంటుంది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని మగపిల్లుల్లో అది మరీ ఎక్కువ. అది విడిపోయినప్పుడు వచ్చే వాసన అమోనియా పోయాక కూడా వదలదు.

నీళ్ళు ఆవిరైపోయినా ఉప్పులూ, నీళ్ళలో సరిగా కరగని పదార్థాలూ రాయి రంధ్రాల్లో ఉండిపోతాయి. వంటింట్లో ఉప్పు డబ్బా వానాకాలంలో చెమ్మగిల్లినట్టే ఇవి కూడా గాలిలోని తడిని లాక్కుంటాయి. తడి తగిలితే బాక్టీరియాకి మళ్ళీ ప్రాణం వస్తుంది, వాసన మళ్ళీ మొదలవుతుంది.

పాత ఇంట్లో ఇది ఇంకా ఎక్కువగా ఉండటానికి కారణం కట్టుబడి. తాండూరు బండ, షాబాద్ బండ రెండూ సున్నపురాయే, వాడి వాడి పైన నునుపు పోయిన చోట తడిని బాగా పీల్చుకుంటాయి. బండల మధ్య సందుల్లో సిమెంటు ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. వాటి కింద ఇసుక, సున్నం. గోడలు డంగుసున్నంవి. నేలలోని చెమ్మ గోడలోకి ఎక్కకుండా పునాది మీద వేసే డీపీసీ పొర పాత ఇళ్ళలో చాలావాటికి ఉండదు, దాంతో గోడ అడుగుభాగం ఏడాదిలో చాలాకాలం కాస్త తడిగానే ఉంటుంది. కొత్త ఫ్లాట్లో విట్రిఫైడ్ టైల్స్ మీద అయితే తుడిచేస్తే పోయే మూత్రం ఇక్కడ అడుగు లోతు వెళ్ళి కూర్చుంటుంది.

పని మొదలుపెట్టే ముందు: జంతువు సంగతి చూడండి

ఇంట్లో ఇప్పటికీ కుక్కో పిల్లో ఉండి, అది ఇంట్లోనే పోస్తుంటే, ముందు దాన్ని డాక్టరుకి చూపించండి. అలవాటున్న జంతువు హఠాత్తుగా ఎక్కడపడితే అక్కడ పోయడం మొదలుపెడితే మూత్రనాళంలో ఇన్ఫెక్షన్, కిడ్నీ జబ్బు, షుగర్ లాంటివి కారణం కావచ్చు. తిట్టినా కొట్టినా లాభం లేదు, భయపడి మంచం కింద పోస్తుంది, అంతే.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. మగపిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ చుక్క కూడా రాకపోతే అది ఎమర్జెన్సీ. మూత్రం పూర్తిగా ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు, తెల్లారాక చూద్దాంలే అనుకోకండి. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. రాత్రి పూట ఎవరు తెరిచి ఉంటారో ముందే కనుక్కుని నంబరు రాసి పెట్టుకోండి.

ఇంకోటి, అది నిజంగా పిల్లి వాసనేనా అని కూడా చూసుకోవాలి. పాత ఇళ్ళలో అటక మీద ఎలుకలు, చూరులో గబ్బిలాలు ఉంటే వాటి మూత్రం వాసన కూడా దాదాపు ఇలాగే ఉంటుంది. అటక ఎక్కి చూడకుండా కింద బండలు లేపించకండి.

మొదటి మెట్టు: ఆపేయాల్సినవి ఆపేయండి

ఆసిడ్. ఇది మన దగ్గర చాలా మంది చేసే పని. బాత్రూం కడిగే ఆసిడ్ తెచ్చి బండల మీద పోస్తారు, బుసబుసా నురగ వస్తుంది, మురికి పోతుందని సంబరపడతారు. ఆ నురగ మురికిది కాదు, రాయిది. సున్నపురాయి మీద ఆసిడ్ పడితే రాయే కరుగుతుంది, పైన ఉన్న నునుపు పోయి రంధ్రాలు తెరుచుకుంటాయి, తర్వాత పడే ప్రతి చుక్కా ఇంకా సులువుగా లోపలికి దిగుతుంది. వెనిగర్, నిమ్మరసం కూడా ఆమ్లాలే, నెమ్మదిగా అదే పని చేస్తాయి. ఇంటర్నెట్‌లో చూసే చిట్కాల్లో సగం వెనిగర్‌తో మొదలవుతాయి. అవి చెక్క ఫ్లోరింగు, కార్పెట్లు ఉండే ఇళ్ళ కోసం రాసినవి. తాండూరు, షాబాద్, మార్బుల్, మొజాయిక్, ఎర్ర గచ్చు వీటిలో దేని మీదా వాడకండి.

బ్లీచింగ్ పౌడర్. మూత్రంలో అమోనియా ఉంటుంది, దాని మీద బ్లీచ్ పడితే క్లోరమైన్ అనే విషవాయువు వస్తుంది. బ్లీచ్, ఆసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, అది ఇంకా ప్రమాదం. గాలి ఆడని పాత గదుల్లో ఈ ప్రయోగాలు అసలు వద్దు.

ఫినాయిల్, డెట్టాల్ లాంటివి. ఫినాల్ జాతి రసాయనాలను పిల్లి కాలేయం సరిగా విడగొట్టలేదు. పిల్లి ఆ నేల మీద నడిచి పాదాలు నాక్కుంటుంది, విషం ఒంట్లోకి పోతుంది. కలరా ఉండలు, కర్పూరం కూడా పిల్లులకీ కుక్కలకీ ప్రమాదమే, మూలల్లో పెట్టకండి.

వేడి నీళ్ళు, స్టీమ్ మెషీన్ కూడా వద్దు. వేడికి మరక బట్టల్లోనూ చెక్కలోనూ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

రెండో మెట్టు: ఎక్కడుందో కనిపెట్టండి

దీనికి ఒక సాయంత్రం పూర్తిగా కేటాయించండి, తొందరపడకండి. మొత్తం పనిలో ఎక్కువ మంది తప్పుచేసేది ఇక్కడే. వాసన గదంతా వస్తోంది కదా అని గదంతా కడుగుతారు, అసలు చోటు మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఆన్‌లైన్‌లో యూవీ టార్చ్ దొరుకుతుంది, 365 నానోమీటర్లు అని రాసి ఉన్నది తీసుకోండి, 395 కంటే అది బాగా చూపిస్తుంది. రాత్రి లైట్లన్నీ ఆర్పేసి, నేలకి దగ్గరగా పట్టుకుని నెమ్మదిగా నడవండి. ఎండిన మూత్రం పసుపూ ఆకుపచ్చా కలిసినట్టు మెరుస్తుంది. సర్ఫ్ మరకలు నీలంగా, తెల్లగా మెరుస్తాయి. కొన్ని బండల్లో సహజంగా ఉన్న చారలు కూడా మెరవచ్చు, కనుక టార్చ్ చూపించిన ప్రతిదాన్నీ నమ్మేయకండి. కళ్ళలోకి వెలుగు పడకుండా చూసుకోండి, పిల్లల చేతికి ఇవ్వకండి.

మెరిసిన చోటల్లా చాక్‌పీసుతో గీత గీయండి. మర్నాడు పగలు ఆ గీతల లోపల గోరువెచ్చటి నీళ్ళు కొద్దిగా చిలకరించి, పది నిమిషాలాగి, మోకాళ్ళ మీద కూర్చుని ముక్కు నేలకి దగ్గరగా పెట్టి చూడండి. మూత్రం ఉన్న చోట తడి తగిలితే వాసన లేస్తుంది. మీ ముక్కు ఆ ఇంటి వాసనకి అలవాటు పడిపోయి ఉంటుంది కాబట్టి బయటి నుంచి ఎవరినైనా పిలిచి వాసన చూడమనండి, పక్కింటి పిన్నిగారు అయినా సరే.

గోడల మీద కూడా చూడండి. కుక్క అయితే కాలెత్తిన ఎత్తులో, పిల్లి చిమ్మితే దాదాపు దాని తోక ఎత్తులో మరక ఉంటుంది, అక్కడ నుంచి కింద దాకా కారిన చార ఉంటుంది. తలుపు గుమ్మాల అడుగు, బీరువా వెనక, మెట్ల కింద, వెంటిలేటర్ కింద గోడ, బియ్యం గోనె సంచులు పెట్టే మూల, వీటిని తప్పకుండా చూడాలి.

మూడో మెట్టు: సామాను

ఎంజైమ్ క్లీనర్ ముఖ్యం, అంటే మూత్రాన్ని విడగొట్టే మందు. పెంపుడు జంతువుల మూత్రానికే అని రాసి ఉన్నది, బాక్టీరియా లేదా ఎంజైమ్‌లు ఉన్నాయని సీసా మీద స్పష్టంగా చెప్పినది తీసుకోండి. పెట్ షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. చిన్న స్ప్రే సీసాలు కొనకండి, పాత ఇంటికి లీటర్ల లెక్కన పడుతుంది.

నిమ్మ, బత్తాయి తొక్కలతో ఇంట్లో చేసే బయో ఎంజైమ్ సరిపోదా అని చాలా మంది అడుగుతారు. ఒక వంతు బెల్లం, మూడు వంతుల తొక్కలు, పది వంతుల నీళ్ళు కలిపి మూడు నెలలు పులియబెడతారు కదా, అది మామూలు తుడుపుకి మంచిదే. కానీ అది ఆమ్లం, సున్నపురాయికి పడదు. పైగా మూత్రాన్ని విడగొట్టడానికి ప్రత్యేకంగా తయారు చేసింది కాదు. టైల్స్ మీద వాడుకోండి, బండల మీద వద్దు.

ఇక మెడికల్ షాపులో హైడ్రోజన్ పెరాక్సైడ్, కిరాణాలో తినే సోడా, గిన్నెలు తోమే లిక్విడ్, రాణిగంజ్‌లోనో బేగంబజార్‌లోనో నైలాన్ బ్రష్షులు, చేతి తొడుగులు, పెద్ద ప్లాస్టిక్ షీటు. తొడుగులు తప్పకుండా వేసుకోండి, కుక్కల, ఎలుకల మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ వచ్చే అవకాశం ఉంది, చేతి మీద చిన్న గాటు ఉన్నా చాలు.

నాలుగో మెట్టు: బండల నేల

ముందు మామూలు నీళ్ళతో రెండుమూడు సార్లు కడిగి తుడవండి, సబ్బు వద్దు. ఇన్నాళ్ళూ వాడిన ఫినాయిల్, సర్ఫ్ ఏమైనా మిగిలి ఉంటే అవి ఎంజైమ్ క్లీనర్‌లోని బాక్టీరియాని చంపేస్తాయి. బోరు నీళ్ళు మరీ ఉప్పగా ఉంటే ఆరాక తెల్లటి చార మిగులుతుంది, వీలైతే నల్లా నీళ్ళు వాడండి.

నేల కాస్త తేమగా ఉండగానే ఎంజైమ్ క్లీనర్ పోయండి. స్ప్రే చేయడం కాదు, పోయాలి. చాక్‌పీసు గీత బయట జానెడు దూరం దాకా తడవాలి, ఎందుకంటే కింద మూత్రం పైన కనపడే దానికంటే వెడల్పుగా పాకి ఉంటుంది. సందుల్లోకి ప్రత్యేకంగా పోయండి, అది ఇంకిపోతుంటే మళ్ళీ పోయండి, ఇంకడం ఆగేదాకా.

ఇక్కడ మన ఊరి వాతావరణం గురించి ఒకటి తెలుసుకోవాలి. ఎంజైమ్ తడిగా ఉన్నంతసేపే పని చేస్తుంది. మే నెలలో ఫ్యాన్ కింద పోస్తే అరగంటలో ఆరిపోతుంది, డబ్బు పోతుంది, వాసన ఉంటుంది. పోసిన వెంటనే ప్లాస్టిక్ షీటు పరిచి, అంచుల మీద ఇటుకలో, పాత పుస్తకాలో పెట్టి, ఒక పగలూ ఒక రాత్రీ అలా వదిలేయండి. ఈ టైమ్‌లో వాసన కాస్త పెరుగుతుంది కూడా, కంగారు పడకండి, లోపల ఉన్నది విడిపోతోంది కాబట్టి అలా వస్తుంది. తర్వాత షీటు తీసి, కిటికీలు తెరిచి, ఫ్యాన్ పెట్టి ఆరబెట్టండి. బాగా పాత మరకైతే ఇదంతా మళ్ళీ చేయాల్సి వస్తుంది.

పూర్తిగా ఆరాక కూడా కొంచెం మిగిలితే అప్పుడు పెరాక్సైడ్. రెండూ ఒకేసారి వద్దు, పెరాక్సైడ్ ఎంజైమ్‌లని పాడుచేస్తుంది. సీసా మీద ఎంత శాతమో చూడండి. 6 శాతం అని ఉంటే అంతే నీళ్ళు కలిపితే 3 శాతం అవుతుంది. అలా చేసిన అర లీటరులో రెండు పెద్ద చెంచాల తినే సోడా, ఒక చిన్న చెంచా గిన్నెల లిక్విడ్ కలిపి వెంటనే పోసి, బ్రష్‌తో రుద్ది, పావుగంట ఉంచి తుడిచేయండి. సోడా కలవడం వల్ల ఇది ఆమ్లంగా ఉండదు, బండకి ఇబ్బంది లేదు. అయినా ముందు బీరువా కింద కనపడని చోట కొంచెం వేసి చూడండి. మిగిలింది సీసాలో పోసి మూత బిగించి దాచకండి, గ్యాస్ పుట్టి సీసా పగులుతుంది.

మొజాయిక్, ఎర్ర గచ్చు నేలలకి కూడా ఇదే పద్ధతి. ఎర్ర గచ్చు మీద పెరాక్సైడ్ వాడే ముందు మూలలో పరీక్షించడం ఇంకా ముఖ్యం. టైల్స్ అయితే పైన వాసన ఉండదు, అంతా టైల్స్ మధ్య సందుల్లో నింపే గ్రౌట్‌లోనే ఉంటుంది, దాన్ని గీకి తీసి కొత్తది పెట్టుకుంటే చాలు.

ఐదో మెట్టు: సందులు, బండ కింద ఇసుక

పైన చెప్పిందంతా సరిగ్గా చేసినా వాసన తగ్గకపోతే మూత్రం కింద ఇసుకలో ఉన్నట్టు. మా పిన్ని వాళ్ళ ఇంట్లో ఇదే జరిగింది. చిక్కడపల్లిలో పాత ఇల్లు, ముందు వరండాలో కుక్కని కట్టేసేవాళ్ళు. బండలు చూడ్డానికి శుభ్రంగానే ఉన్నాయి, కానీ రెండు బండల మధ్య సందు మిగతావాటి కంటే నల్లగా, ఎప్పుడూ తడిసినట్టు ఉండేది. మేస్త్రీ స్క్రూడ్రైవర్‌తో ఆ సందులో గీకితే ముద్దలాంటి నల్లటి మట్టి వచ్చింది, వాసన చూడగానే ఆయన, "అమ్మా, పైన ఎంత కడిగినా లాభం లేదు, బండ లేపాల్సిందే" అన్నాడు. లేపితే కింద ఇసుక పెద్ద పళ్ళెమంత మేర గోధుమరంగులోకి మారిపోయి ఉంది.

అందుకే ముందు సందులు గీకించి చూడండి. సందులో ఉన్నది తీసేసి, లోపలికి ఎంజైమ్ క్లీనర్ పోసి, ఆరాక మళ్ళీ వాసన చూడండి. చాలా ఇళ్ళలో అక్కడితో సరిపోతుంది. సరిపోకపోతే బండ లేపించాలి.

లేపే ముందు ప్రతి బండ మీదా చాక్‌పీసుతో నంబరు, బాణం గుర్తు వేయండి. పాత బండలు చేత్తో చెక్కినవి, ఒకదాని అంచు ఇంకోదానికి కుదరదు, తిరిగి పెట్టేటప్పుడు కలిసిపోతే సందులు వెడల్పవుతాయి. గడ్డపారతో ఒక మూల నుంచి నెమ్మదిగా లేపమనండి, ఒకటి రెండు పగలొచ్చు, అదే మందంలో పాత బండలు ముందే వెతికి పెట్టుకుంటే మంచిది. లేపిన బండల్ని రెండు వైపులా ఎంజైమ్‌తో కడిగి, కొన్నాళ్ళు డాబా మీద ఎండలో నిలబెట్టండి. కింద ఇసుకని వాసన లేని చోటు వచ్చేదాకా తవ్వి తీసేయాలి, దాన్ని మొక్కల్లో వేయకండి, ఆ ఉప్పుకి మొక్కలు మాడిపోతాయి. గొయ్యిని కొన్నాళ్ళు తెరిచి ఆరనిచ్చి, కొత్త ఇసుక పోసి, బండలు పెట్టించి, సందులు నింపించండి.

ఈ పని మార్చి నుంచి మే లోపలే పెట్టుకోండి. వానల్లో బండలు లేపితే నేల ఆరదు.

ఆరో మెట్టు: గోడలు

మరక పడిన చోట వెల్ల, డిస్టెంపర్ ఏది ఉన్నా గీకేయండి, రంగు పొరల మధ్య కూడా వాసన దాగి ఉంటుంది. తర్వాత ఎంజైమ్ క్లీనర్‌ని కింద నుంచి పైకి కొట్టండి, పై నుంచి మొదలుపెడితే కారి కింద చారలు పడతాయి. గోడ మీద నిలవదు కాబట్టి తడిపిన పాత బట్టని గోడకి అంటించి, పైన ప్లాస్టిక్ పెట్టి టేప్ వేస్తే రాత్రంతా తేమగా ఉంటుంది.

గోడ మీద వేలితో తడితే డొల్లగా మోగుతున్నా, పెచ్చులు ఊడుతున్నా, తెల్లగా ఉప్పు పూస్తున్నా కడగడం దండగ. అక్కడ ప్లాస్టరింగ్ కొట్టించేయాలి, మరక కన్నా జానెడు ఎత్తు దాకా. సున్నం గోడకి మళ్ళీ సున్నంతోనే చేయించండి. సిమెంటుతో అయితే పని త్వరగా అయిపోతుంది కానీ లోపలి చెమ్మ బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది, ఆ చెమ్మ పక్కకి పాకి, ఉప్పునీ వాసననీ ఇంకో చోట బయటికి తెస్తుంది. చెమ్మ ఉన్న గోడకి ఆయిల్ పెయింట్ కొట్టడం కూడా ఇలాంటిదే. ఆరు నెలలకి బుడగలు వస్తాయి.

ఏడో మెట్టు: గుమ్మాలు, తలుపులు

టేకు గుమ్మం అడుగుభాగం మగకుక్కలకి ఎంతో ఇష్టమైన చోటు. చెక్క పక్కల నుంచి కంటే కోసిన చివర నుంచి తడిని ఎక్కువ పీలుస్తుంది, గుమ్మం నిలువు కాళ్ళ చివరలు నేలలోనే ఉంటాయి. నల్లబడిన చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మెత్తగా దిగిపోతే అది కుళ్ళిందో చెదలు పట్టిందో అయి ఉంటుంది, ఆ ముక్క కోసి కొత్త చెక్క అతికించడానికి కార్పెంటర్‌ని పిలవాలి. గట్టిగా ఉంటే పాత వార్నిష్‌ని గరుకు కాగితంతో తీసేసి, ఎంజైమ్ పట్టించి, ఆరబెట్టి, ఇంకా వాసన ఉంటే 3 శాతం పెరాక్సైడ్‌ని బ్రష్‌తో పూయండి. చెక్క కొంచెం తెల్లబడుతుంది, పాలిష్‌తో సరిపోతుంది.

ఆరాక ఫ్రెంచ్ పాలిష్ వేయించండి. ఇది లక్కని స్పిరిట్‌లో కరిగించి చేసేది, వాసనని లోపలే కట్టిపడేయడంలో లక్కకి మంచి పేరుంది. విదేశాల్లో వాసన ఆపడానికి ప్రత్యేకంగా అమ్మే ప్రైమర్లు (రంగుకి ముందు వేసే పూతలు) కొన్నింటిలో ఉండేది ఈ లక్కే. ఆ పనివాళ్ళు మన దగ్గర ఇంకా ఉన్నారు, వెతికి పట్టుకోండి. అడుగు నుంచి జానెడు ఎత్తు వరకు రెండు మూడు పూతలు ఎక్కువ వేయమనండి. గడపకి కూడా.

పరుపులు, బట్టలు

దూది పరుపు, కొబ్బరిపీచు పరుపు లోపలి దాకా తడిస్తే పారేయండి, ఏకించినా వాసన పోదు. బొంతలు, దుప్పట్లు చల్లటి నీళ్ళలో ఎంజైమ్ క్లీనర్‌తో నానబెట్టి, ఉతికి, ఎండలో వేయండి. సోఫా ఫోమ్ మారిస్తేనే నయం, కవరు మాత్రం ఉతుక్కోవచ్చు.

ఆరిందా లేదా

చేత్తో ముట్టుకుంటే పొడిగా ఉందని నమ్మకండి. ఒక ప్లాస్టిక్ కాగితం తీసుకుని నాలుగు వైపులా టేపుతో నేలకి గానీ గోడకి గానీ అంటించి రాత్రంతా వదిలేయండి. పొద్దున కాగితం లోపలి వైపు నీటి చుక్కలు కనిపిస్తే లోపల ఇంకా తడి ఉన్నట్టే. అది పూర్తిగా పొడిగా వచ్చాకే సందులు నింపించడం, పాలిష్, రంగులు. బండల మీద సీలర్ (తడి దిగకుండా వేసే పూత) వేయించాలనుకుంటే రాయిలోకి ఇంకే రకం అడగండి, పైన ప్లాస్టిక్ పొరలా కట్టేది పాత నేల మీద నిలవదు, కింద చెమ్మకి పొట్టులా లేస్తుంది.

కిరాయికో కొనడానికో పాత ఇల్లు చూస్తున్నవాళ్ళు కూడా ఒక సీసాలో నీళ్ళు తీసుకెళ్ళి మూలల్లో చిలకరించి చూడండి. కొత్తగా సున్నం వేసి, అగరుబత్తి వెలిగించిన గది అయితే మరీ జాగ్రత్త. అడ్వాన్స్ ఇచ్చాక ఓనర్‌తో వాదించి లాభం లేదు.

మళ్ళీ జరగకుండా

వీధి మగపిల్లి వచ్చి చిమ్ముతుంటే దారి మూయండి. పాత ఇళ్ళలో వెంటిలేటర్లకి అద్దం పగిలిపోయి ఉంటుంది, అక్కడ జాలీ కొట్టించండి. మీ పిల్లికి ఆపరేషన్ చేయిస్తే చిమ్మడం చాలావరకు తగ్గుతుంది. ఎన్ని పిల్లులుంటే అంతకంటే ఒకటి ఎక్కువ లిట్టర్ ట్రేలు (పిల్లి పోసుకోవడానికి పెట్టే పళ్ళేలు) పెట్టండి, అన్నీ ఒకే చోట కాకుండా వేర్వేరు గదుల్లో, తిండి గిన్నెకి దూరంగా.

అయినా ఎప్పుడో ఒకసారి పోస్తుంది. అప్పుడు రుద్దకండి, రుద్దితే పక్కకి పాకుతుంది. పాత కాటన్ బట్టో న్యూస్‌పేపరో వేసి, పైన నిలబడి నొక్కండి, బట్ట తడిసినకొద్దీ మార్చండి. తర్వాత చల్లటి నీళ్ళు కొద్దిగా పోసి మళ్ళీ అలాగే పీల్పించి, ఎంజైమ్ పోసి ప్లాస్టిక్ కప్పేయండి. మొదటి పది నిమిషాల్లో ఇది చేస్తే బండలోకి దిగేది చాలా తక్కువ. ఎంజైమ్ సీసా, నాలుగు పాత బట్టలు, చేతి తొడుగులు ఒక బకెట్లో వేసి చేతికి అందే చోట పెట్టుకోండి.